అక్క ఎక్కని ఖిల్లా

డాక్టరు ఆ మాట అక్కకు చెప్పలేదు, నాకు చెప్పాడు. మా దగ్గర అంతే. రోగం ఒకరిదైతే దాని పేరు వినేది మరొకరు. అక్కను బయట బల్ల మీద కూర్చోబెట్టి, నన్ను లోపలికి పిలిచి, గుండెలో ఒక కవాటం బాగా సన్నబడిందనీ, జల్దీ హైదరాబాద్ తీసుకెళ్లి ఆపరేషన్ చేయించాలనీ చెప్పాడు. అప్పటిదాకా బరువులు ఎత్తనివ్వొద్దు, మెట్లు ఎక్కనివ్వొద్దు అన్నాడు. నేను వరండా చివరికి పోయి బావకు ఫోన్ చేశాను. బావ కల్లూరు దగ్గర మిర్చి చేనులో ఉన్నాడు. ఆపరేషన్ అన్న మాట రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. తర్వాత, "మీ అక్కకు చెప్పకు. అది తట్టుకోదు" అన్నాడు. సరే అన్నాను. అటువంటప్పుడు సరే అనక ఏమంటాం?

ఇంకో రిపోర్టు సాయంత్రానికి గానీ రాదన్నారు. దవాఖానా బయట చెరుకు రసం తాగుతూ అక్క తలెత్తి గుట్ట మీది ఖిల్లా వైపు చూసింది. నేను ఖమ్మంలోనే నౌకరీ చేస్తున్నాను, ఆ గుట్ట కిందుగానే రోజూ పోతాను. అక్క మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. మేము కారేపల్లిలో చదువుకునేటప్పుడు బడి పిల్లలందరినీ ఖిల్లా చూపించడానికి తీసుకొచ్చారు. సరిగ్గా ఆ వారమే అక్క పెద్దమనిషయింది. మేమంతా బస్సెక్కి పోతుంటే తను కొత్త చాప మీద మూలన కూర్చుని, నువ్వులుండలు తింటూ ఏడ్చింది.

"ఇంత దూరం వచ్చినం. ఎక్కుదాం పా" అంది.

ఎండ అన్నాను. మబ్బు పట్టింది కదా అంది. కోతులుంటాయన్నాను. ఇద్దరు కొడుకులను పెంచినదాన్ని, కోతులకు భయపడతానా అంది. మెట్లు బాగా లేవన్నాను. ఆఫీసులో కూర్చుని కూర్చుని నాకే చాతగాకుండా అయిందని, ఆ మాట ఒప్పుకోలేక సాకులు చెబుతున్నానని నవ్వింది. నా దగ్గర నిజమైన కారణం ఒకటే ఉంది, దాన్ని బయటపెట్టకూడదు. ఆమె మీద కోపం వచ్చింది, బావ మీద అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. అక్క అప్పటికే రోడ్డు దాటుతోంది.

పెద్ద దర్వాజా దాటేదాకా బాగానే నడిచింది. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ ఆగి గోడల్ని మెచ్చుకోవడం మొదలుపెట్టింది. ఇంత రాయిని ఎట్ల పైకి తెచ్చారో, ఎట్ల పేర్చారో అని అరచేత్తో నిమిరేది. ఆమె గోడలు చూడటం లేదు, ఊపిరి కూడదీసుకుంటోంది. అది తెలియనట్టు నేను చెప్పులో రాయి పడిందని మాటిమాటికీ కూర్చున్నాను. ఇద్దరం అట్లా నాటకం ఆడుకుంటూ సగం దూరం కూడా పోలేదు. ఒక బండ నీడన మెట్టు మీద కూలబడింది. పెదవుల చుట్టూ రంగు మారింది. గొంతు దగ్గర నరం కొట్టుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. నా చేతిలో నీళ్ల సీసా తప్ప ఏమీ లేదు. ఎవరిని పిలవాలి, ఏమని పిలవాలి? నాకు ఏడుపొచ్చింది.

కొంచెం తేరుకున్నాక, "నువ్వు పైకి పోయి చూసి రా తమ్మీ. వచ్చి నాకు చెప్పు" అంది.

ఒక్కదాన్నే వదిలి పోనన్నాను. అయితే తనే లేస్తానని మోకాలి మీద చెయ్యి పెట్టింది. ఆమె లేవకుండా ఉండాలంటే నేను పోవాలి. పోయాను. పరుగులాంటి నడకతో ఎక్కి, చూసీ చూడనట్టు చూసి, అంతే వేగంగా దిగాను. ఆమె ముఖంలోకి నెత్తురు తిరిగి వచ్చింది, కానీ నన్ను అంత సులభంగా వదల్లేదు. పైన ఏముంది, గాలి ఎట్లుంది, ఊరు ఎంత దూరం కనిపిస్తుంది అని గుచ్చి గుచ్చి అడిగింది. మున్నేరు సన్నగా కనిపిస్తుందని చెప్పాను. ఒక ఫిరంగి ఉందని, దాని నోట్లో ఎవరో చిప్స్ పాకెట్లు కుక్కారని చెప్పాను. పడీ పడీ నవ్వింది. అంతా విని చివరికి నా చెయ్యి పట్టుకుంది.

"ఇంట్ల అడిగితే నేను సుత పైదాంక ఎక్కిన్నని చెప్పు. దమ్మొస్తున్నదని తెలిస్తే మీ బావ బుగులు పడతడు."

ఆ సాయంత్రం రిపోర్టు తీసుకుని వాళ్ల ఊరికి పోయాం. వాకిట్లోకి అడుగు పెడుతూనే అక్క ఖిల్లా కథ ఎత్తుకుంది. గాలికి కొంగు నిలవలేదంది, మున్నేరు సన్నగా కనిపించిందంది, ఫిరంగి నోట్లో చిప్స్ పాకెట్లంది. కొడుకులు నవ్వారు. బావ మాత్రం నవ్వలేదు, ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఆయన ముఖంలో భయం మెల్లగా దిగిపోవడం నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత నన్ను పశువుల కొట్టం పక్కకు తీసుకుపోయి, ఖిల్లా ఎక్కిన మనిషికి ఆపరేషన్ ఏందని అడిగాడు. డాక్టర్లు అట్లనే భయపెడతారన్నాడు. మిర్చి ఏరడం అయ్యాక చూద్దామన్నాడు.

ఆమె ఎక్కలేదని నేను అప్పుడే చెప్పేశాను. సగం దారి కూడా పోకముందే ఎట్లా కూలబడిందో చెప్పాను. బావ తల అడ్డంగా ఊపాడు. "ఎక్కకుంటే ఫిరంగి సంగతి దానికెట్ల తెలుస్తది? తొందరగ గుండెకు కోత పెట్టియ్యాలని నువ్వే గిట్ల చెప్తున్నవ్" అన్నాడు. నేను చెబితే తెలిసిందన్నాను. ఆయన నా భుజం తట్టి లోపలికి పోయాడు. నమ్మాలని లేనివాణ్ని నమ్మించేది ఎట్లా?

ఇక మిగిలింది అక్కే. మర్నాడు పొద్దున మిరపకాయలకు తొడిమెలు తీస్తుంటే పక్కన కూర్చుని, డాక్టరు అన్నదంతా చెప్పాను. కవాటం సంగతీ చెప్పాను, ఆపరేషన్ సంగతీ చెప్పాను. నువ్వే బావతో నిజం చెప్పక్కా, లేకపోతే నిన్ను హైదరాబాద్ తీసుకపోడు అని బతిమాలాను. ఆమె చేతులు ఆగలేదు.

"మీ బావకు ఎరికేనా?"

"ఎరికే."

ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. బావ వాళ్ల అమ్మను ఆపరేషన్‌కు తీసుకుపోయినప్పుడు దవాఖానాలో పక్కన ఉన్నది అక్కే. తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్‌లో ఆమె శవం పక్కన కూర్చున్నదీ తనే.

"నేను ఆపరేషన్ కోతకు పోను. ఖిల్లా ఎక్కిన్ననే ఉండనీ" అంది. "నువ్వు నాకు చెప్పినవని మాత్రం ఆయనకు చెప్పకు. రాత్రి మంచిగ నిద్ర పోయిండు."

నేను కోప్పడ్డాను, ఏడ్చాను, కాళ్లు పట్టుకోబోయాను. మిరప ఘాటు పట్టిన చేతులతో నన్ను ముట్టుకోలేక మోచేత్తో నెట్టి, ముఖం కడుక్కోపో అంది.

మొన్న బావ ఫోన్ చేశాడు. చేనుకు సద్ది తెస్తూ అక్క గట్టు మీద కూర్చుండిపోయిందట. లేపితే లేవడానికి చాలాసేపు పట్టిందట. వెంటనే హైదరాబాద్ తీసుకపో బావా, నీ కాళ్లు మొక్కుతా అన్నాను. అవతల ఆయన పక్కనే అక్క గొంతు వినిపించింది. వాడికి చెప్పి ఊకె పరేషాన్ చేయొద్దు, ఎండ దెబ్బ అంతే అంటోంది.

"విన్నవా, ఎండ దెబ్బనట" అని బావ ఫోన్ పెట్టేశాడు.