మా ఆవిడ కారుకి కొత్త గొంతు

కారు నాది కాదు, మా ఆవిడది. పెళ్లికి ముందే తన జీతంతో కొనుక్కుంది. మోకాలు అరిగాక బస్సెక్కడం మానేసి, వెంగళరావు నగర్‌లో తను చెప్పే సంగీతం క్లాసులకి ఆ కారులోనే వెళ్లి వచ్చేది.

నేను ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకి మాటలు రాస్తాను. మాటలవాడికి చేతలు చేతకావని ఇంట్లో అందరికీ తెలుసు.

కిందటేడు ఒక దర్శకుడు, జూబ్లీహిల్స్ రోడ్డు మీద విలన్ వచ్చే సీనుకి పాత కారు కావాలన్నాడు.

"మీ ఇంట్లో ఉంది కదా రైటర్ గారూ! స్టార్ట్ చేస్తే వీధి దద్దరిల్లాలండీ. నల్లపొగ కూడా వస్తే అదిరిపోద్ది."

నా డైలాగుల మీద ఎన్నడూ అంత ఉత్సాహం చూపని మనిషి. పొగడ్త కోసం పొగకి ఒప్పేసుకున్నాను. ఇంట్లో సర్వీసింగ్ అని చెప్పాను.

టోలిచౌకి మెకానిక్ మోత తగ్గించే సైలెన్సర్ తీసేసి, మోత పెంచేది పెట్టాడు. పొగలో విషం విరిచే కన్వర్టర్ కోసేసి, అక్కడ ఖాళీ గొట్టం అతికించాడు. నల్లపొగ కోసం ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగేలా సెట్టింగు మార్చాడు. కారు గర్జించింది. నేను మురిసిపోయాను.

డబ్బింగ్ థియేటర్‌లో చూస్తే, తెర మీద మా కారుకి ఇంకేదో కారు మోత.

"షూటింగ్ సౌండ్ ఎవరు వాడుతరు సార్? గిన్నేండ్ల సంది ఈడనే ఉన్నరు, తెల్వదా?" అని సౌండ్ ఇంజినీరు నవ్వాడు.

తెలుసు. హీరోయిన్‌కే సొంత గొంతు ఉంచని చోట, కారుకి ఉంచుతారనుకున్నాను. పొగ కూడా కంప్యూటర్‌లో కలిపారట.

"సర్వీసింగ్ చేయిస్తే ఇలా అరుస్తోందేంటండీ?" అని మా ఆవిడ అడిగింది. సర్దుకుంటుందన్నాను. తిరిగి మార్పిద్దామనుకుంటూనే నెలలు గడిపేశాను. ఈలోగా కారుకి పదిహేనేళ్లు నిండి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ వచ్చింది.

తనిఖీలో పొగగొట్టంలో మిషన్ గొట్టం పెట్టారు. అధికారి వంగి కింద చూశాడు.

"కార్బన్ మోనాక్సైడ్ లిమిట్ దాటి మస్తుగ వస్తుందమ్మా. కన్వర్టర్ ఏది? ఎవరు పీకిండ్రు?"

ఆమె నావైపు చూసింది. సినిమా సంగతి అక్కడే చెప్పేశాను.

మెకానిక్‌కి ఫోన్ చేస్తే, "గా డబ్బా గప్పుడే తుక్కుల పోయింది సార్. గీ మోడల్‌ది ఇప్పుడు వస్తలేదు" అన్నాడు. సెట్టింగు వెనక్కి మార్పించి, వేరే కారుది బిగించాం. రెండోసారీ ఫెయిలే. చివరికి కారు తుక్కుకే వెళ్లింది. కాగితాల మీద సంతకం ఆమే పెట్టింది.

బయటికొచ్చాక అడిగింది: "సినిమాలో ఎంతసేపు కనిపిస్తుందండీ?"

"నాలుగు సెకన్లు."

ఆ నెల నుంచి సాయంత్రం క్లాసు మానేసింది. ఒక పిల్ల తల్లి ఫోన్ చేస్తే నేనే ఎత్తాను.

"మేడం ఇంక రారాండీ?"

"కారు పాతదైపోయిందండీ" అన్నాను.

మా ఆవిడ పక్కగదిలోంచి వింటూనే ఉంది. దిద్దలేదు.