పేరు చెప్పని ప్రార్థన

పొద్దున్నే పాలప్యాకెట్లు వచ్చే వేళకు మా ఇంట్లో ఫోను మోగేది. చేసేది మా చర్చి సంఘంలోని ఒక అక్క. వరసకు అక్కేమీ కాదు. సంఘంలో మనకంటే పెద్ద ఆడవాళ్ళంతా అక్కలే. శ్రీకాకుళం వైపు హిందూ కుటుంబంలో పుట్టి, భర్త రైల్వే ఉద్యోగం వల్ల సికింద్రాబాదు వచ్చి, ఇక్కడే విశ్వాసంలోకి వచ్చిన మనిషి. మా ఇంట్లో తాతల కాలం నుంచీ ప్రార్థన అంటే అన్నం ముందు కళ్ళు మూసుకోవడం. ఆమెకు అలా కాదు. దేవుడు పక్క వాటాలో అద్దెకుంటున్నట్టు మాట్లాడేది. ఆ చనువు చూస్తే నాకు కొంచెం అసూయగా కూడా ఉండేది.

నేను పొయ్యి మీద టీ నీళ్ళు పెట్టి, ఫోను చక్కెర డబ్బా పక్కన నిలబెట్టి, చిన్న స్టూలు మీద కూర్చునేదాన్ని. "ఈరోజు అంశాలేటమ్మా?" అనేది అక్క. మావాళ్ళలో కష్టం వచ్చిందని ఎవరూ అనరు. ఒక ప్రార్థన అంశం ఉంది అంటారు. అలా అంటే ఏడవకుండా చెప్పుకోవచ్చు, వినేవాళ్ళు కూడా జాలిపడకుండా వినొచ్చు. నేను నావి చెప్పేదాన్ని, ఆమె తనవి చెప్పేది. కొడుకు పెళ్ళయ్యాక తనతో మాట్లాడటం లేదని చెప్పింది. వయసులో ఉన్నప్పుడు భర్త చెయ్యి చేసుకునేవాడని చెప్పింది. కన్నతల్లి చనిపోయినప్పుడు తనకు ఏడుపు రాలేదని కూడా చెప్పింది. ఇవేవీ నేను మా ఆయన చెవిన కూడా వేయలేదు. "ఇది మనిద్దరికీ, దేవుడికీ మధ్యనే ఉండాలమ్మా" అని ప్రతిసారీ ముందుగా అనేది ఆమే.

నా మనశ్శాంతి ఆ ఫోనులోనే ఉండేదంటే అబద్ధం కాదు. నా నోరు మంచిది కాదు, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కాసేపు ప్రార్థన చేసుకోని రోజున బడిలో పిల్లలు నన్ను చూసి బిక్కచచ్చిపోయేవారు. చేసుకున్న రోజున అదే పిల్లలు నా బల్ల చుట్టూ చేరి నా చీర కుచ్చిళ్ళు లాగేవారు. అంత తేడా ఉండేది.

ఆ యేడు స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. మా అక్క, నా సొంత అక్క, ఆ జబ్బుతోనే పోయింది. మా అమ్మే ఆమెను చూసుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళింది, ఊడిన జుట్టు దిండు మీద నుంచి ఏరింది, చివరి రోజుల్లో పసిపిల్లకు తినిపించినట్టు తినిపించింది. అక్క పోయాక అమ్మ గుడికి, అదే చర్చికి, వెళ్ళడం మానేసింది. బన్సీలాల్‌పేటలో బావి వెనక సందులో తమ్ముడి ఇంట్లో ఉంటుంది అమ్మ. ఎప్పుడు వెళ్ళినా మూసిన బైబిలు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కనిపించేది. చదవమని నేనూ అడగలేదు, చదవాలని ఆమెకూ అనిపించలేదు.

చాలాకాలం తర్వాత ఒక శుక్రవారం ఎవరూ చెప్పకుండానే ఉతికిన చీర కట్టుకుని, వాళ్ళ సందు చివర ఉన్న చిన్న గుడిలో ఉపవాస ప్రార్థనకు వెళ్ళింది. ముందు ఊరికే కూర్చునేది. తర్వాత మెల్లగా గొంతు కలిపింది. ఆ తర్వాత పాస్టరుగారి భార్య, మావాళ్ళు అమ్మగారు అంటారు, "మీరు ప్రార్థన చేయండమ్మా" అని మా అమ్మనే అడిగేదాకా వచ్చింది. అమ్మ ప్రార్థిస్తే ఏడుస్తున్న పిల్లలు కూడా ఊరుకుంటారని ఆ సందులో చెప్పుకునేవారు. నాకు ఆ మాట వినడం పండగలా ఉండేది.

అందుకే నా గడ్డ సంగతి అమ్మకు తెలియకూడదు. ముక్క తీసి పరీక్షకు పంపారు, సోమవారం రిపోర్టు అన్నారు. ఏమీ లేదని తేలితే ఆమెకు ఎప్పటికీ చెప్పక్కర్లేదు. ఉందని తేలితే నేనే వెళ్ళి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాలి. అప్పటిదాకా ఆమె గొంతు అలాగే ఉండాలి. నేను కోరుకున్నది అంతే.

మా ఆయనకు చెప్పాను. ఇక పొద్దుటి ఫోనులో అక్కకు చెప్పాను. ఆమె భోరున ఏడ్చి, టీ మరిగి పొంగిపోయేదాకా ప్రార్థన చేసింది. నా గుండె తేలికైంది.

"అక్కా, మా అమ్మకు అస్సలు తెలువొద్దు. సంఘంల గూడ ఎవరికీ వద్దు" అన్నాను.

"నా నోటంట రాదమ్మా" అంది.

తర్వాత రెండు మూడు రోజులకే పద్మారావు నగర్‌లో మా వీధి చివర కూరగాయల బండి దగ్గర ఒకావిడ నా చెయ్యి పట్టుకుంది. మా సంఘం ఆవిడే. బెండకాయలు విరిచి చూస్తున్న నన్ను ఆపి, "ధైర్యంగా ఉండండి టీచర్, దేవుడున్నాడు" అంది. దేవుడున్నాడని నాకూ తెలుసు, ఈవిడకు ఎందుకు గుర్తొచ్చిందా అనుకున్నాను. మర్నాడు సాయంత్రం యాప్రాల్ నుంచి మా గుడికి వచ్చే ఇంకొకావిడ బడి గేటు దగ్గర బండి ఆపి, ప్రార్థించిన నూనె అని ఒక సీసా చేతిలో పెట్టింది. "ఎక్కడుందో అక్కడ రాసుకోండి" అంటూ ఎక్కడుందో అక్కడికే చూసింది. నేను కొంగు లాక్కున్నాను. పక్కన మా బడి వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే అక్కకు ఫోను చేశాను.

"ఎవరికి చెప్పిన్రక్కా?"

"ఎవరికీ సెప్పలేదమ్మా. ప్రార్థన గొలుసులో పెట్టానంతే."

ప్రార్థన గొలుసు అంటే ఫోనుల్లో ఉండే గ్రూపు. ఒకరి అంశం ఇంకొకరు, వాళ్ళు ఇంకో సంఘానికి, అలా పంపుకుంటూ పోతారు. ఎంతమంది మోకాళ్ళూనితే అంత బలం అని మావాళ్ళ నమ్మకం.

"నేను వద్దన్న గదా?"

"పేరు సెప్పలేదు కదమ్మా! ఒక సహోదరి అన్నాను. నీ పేరు నా నోటంట వస్తే ఒట్టు."

"టీచర్ అన్నరా?"

"అన్నాను."

"పద్మారావు నగర్ అన్నరా?"

"మరి ఎక్కడుందో సెప్పాలి కదా."

"మా అక్క సంగతి?"

"సెప్పాను. వివరంగా సెప్తేనే కదమ్మా భారంతో ప్రార్థన సేస్తారు."

"దేవునికి నా వివరాలు తెల్వవా అక్కా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆమె ఏడవడం మొదలుపెట్టింది. తప్పు చేసినందుకు కాదు, అంత మంచిపని చేస్తే నేను కోప్పడినందుకు. ఆ ఏడుపుకు నా ఒళ్ళు ఇంకా మండింది. ఫోను పెట్టేశాను. అప్పటికింకా నాకు ఒక్కటే ధైర్యం. అమ్మది వేరే గుడి.

శనివారం మధ్యాహ్నం అమ్మ ఆటో దిగింది. ఎప్పుడూ ఒంటరిగా రాదు, వచ్చే ముందు ఫోను చేయకుండా అసలే రాదు. మెట్లెక్కి వచ్చి, సోఫా అంచున కూర్చుని, నేనిచ్చిన నీళ్ళు పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టింది.

"ఎటు దిక్కే?" అంది.

నాకు అబద్ధం చెప్పాలనే ఆలోచన కూడా రాలేదు. ఎడమ వైపు చెయ్యి పెట్టుకున్నాను.

"అక్కకు గూడ అటే షురూ అయ్యింది" అంది అమ్మ.

నేను ఆమె ఒళ్ళో తల పెట్టేశాను. నా తల నిమురుతూ, కిటికీ వైపు చూస్తూ, నెమ్మదిగా చెప్పింది.

"నిన్న ఉపాస ప్రార్థనల అమ్మగారు ఫోన్ల వచ్చిన అంశం చెప్పింది. ఎవలో టీచరమ్మనట, గడ్డ లేసిందట, అక్క సుత గట్లనే పోయిందట. తల్లికి ఇంక తెల్వదట. ఆ బాధ నీకెరుకనే గదమ్మా, నువ్వే ప్రార్థన జెయ్యి అన్నది. చేసిన బిడ్డా. మంచిగ చేసిన. ఎవలి బిడ్డనో ప్రభువా, ఆ తల్లి ఏ మూల కూసొని నవ్వుతున్నదో, తెలిసిననాడు ఆమె పానం నిలబెట్టు అని మస్తు ఏడ్సిన. అందరు ఏడ్సిండ్రు."

"అమ్మా..."

"చాపలు మడుస్తుంటె ఒకామె అన్నది, ఆ టీచరమ్మది పద్మారావు నగరట అని. చాప చేతిలకెళ్లి జారింది. గప్పుడు తెలిసింది, నేనే ఆ తల్లినని."

నాకు అక్క మీద వచ్చిన కోపం సంగతి వదిలేయండి. ఆ రోజు దేవుడి మీద వచ్చింది. మా అమ్మ కళ్ళు మూసుకుని తన కోసమే తాను, తెలియకుండా, కన్నీళ్ళతో అడుగుతుంటే వింటూ కూర్చున్నావా అని అడిగాను.

సోమవారం రిపోర్టులో ఏమీ లేదు. ఉత్త కొవ్వు గడ్డ అన్నారు, భయపడక్కర్లేదన్నారు. ఆసుపత్రి మెట్ల మీదే అమ్మకు ఫోను చేశాను. "స్తోత్రం" అంది. ఆ ఒక్క మాటే అంది. మామూలుగా అయితే ఆగకుండా స్తుతించేది. నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని తర్వాతి మాట కోసం కాసేపు ఎదురుచూశాను.

ఆ ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. దేవుడు చేసిన మేలు నలుగురి ముందూ చెప్పుకోవడం మా గుళ్ళో అలవాటు. అక్క లేచి మైకు అందుకుంది. ఒక సహోదరి కోసం తాను ఎలా మోకాళ్ళూనిందో, ఎలా గొలుసు కట్టించిందో, డాక్టర్లు ఆశ్చర్యంతో ఎలా నోరు తెరిచారో చెప్పింది. డాక్టరు నోరు తెరిచింది ఆవలింతకు మాత్రమే, నేను ఎదురుగానే ఉన్నాను. ఈసారీ పేరు చెప్పలేదు. మా వరస వైపే చూస్తూ, "ఆ సహోదరి లేచి నిలబడితే దేవుడికి మహిమ" అంది. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను హ్యాండ్‌బ్యాగు పట్టీని పట్టుకుని కూర్చున్నాను. లేవలేదు. చప్పట్లు కొట్టాలా వద్దా తెలియక కొందరు మధ్యలో ఆగిపోయారు.

బల్ల ఆదివారానికి ముందు, అంటే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆదివారానికి ముందు, ఎవరితోనైనా మనస్పర్ధ ఉంటే సరిచేసుకోవాలి. అక్క శనివారం మా ఇంటికి వచ్చింది. "నీకు బాధ కలిగుంటే క్షమించమ్మా" అంది. కలిగుంటే అట. అయినా క్షమించానన్నాను. మాట వరసకు అన్నది కాదు, నిజంగానే అన్నాను. మర్నాడు బల్ల దగ్గర ఇద్దరం పక్కపక్కనే నిలబడ్డాం.

కానీ అమ్మ ఇప్పటికీ పైకి ప్రార్థన చేయదు. అమ్మగారు అడిగితే తల అడ్డంగా ఊపుతుందట. గుడికి వెళ్తుంది, చాప పరుస్తుంది, అందరితో పాటు ఆమెన్ అంటుంది. ఒకరోజు నేనే అడిగాను, ఎందుకు చేస్తలేవమ్మా, నాకేం కాలేదు గదా అని.

"ఎవలి కోసం అడుగుతున్ననో ఎరుక లేకుంట ఎట్ల అడిగేది బిడ్డా" అంది. "నోరు తెరిస్తె భయమైతది."

ఇది నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని మాత్రం ప్రతి పొద్దున్నా ఉంటుంది. టీ నీళ్ళు పెడతాను, ఫోను చక్కెర డబ్బా పక్కన నిలబెడతాను. మోగుతుంది. కొన్నాళ్ళు ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తుతున్నాను. అక్క ఎప్పటిలాగే అడుగుతుంది, ఈరోజు అంశాలేటమ్మా అని. మా అమ్మ గొంతు తిరిగి రావాలన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. "ఏం లేవక్కా, అంతా బాగుంది. మీవి చెప్పండి" అంటాను.

మొన్న ఆమె చిన్న గొంతుతో ఒక సంగతి చెప్పింది, తన కొడుకు గురించి. ఇన్నేళ్ళలో ఆమె చెప్పినవాటన్నిటిలోకీ బరువైనది అదే. నేను స్టవ్ ఆపేసి విన్నాను. ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం. చివర్లో ఆమె ముక్కు తుడుచుకుంటూ, "నీకొక్కదానికే సెప్పానమ్మా. ఎవరితోనూ అనకు" అంది.

"నేనెవరితో చెప్పుకుంటనక్కా" అన్నాను.