ఐలయ్య మామ వదిలేసిన స్టీరింగ్

నిన్న పొద్దున్నే బావ ఫోన్. "నాయిన పోయిండు."

"ఊకో బావా, మొన్ననే గదా నాతోని కొట్లాడిండు!" అన్నాను.

మా మేనమామ ఐలయ్య. ములుగు లైన్ బస్ డ్రైవర్. డెబ్బైల్లో హన్మకొండ బస్టాండ్‌లో ఆయన స్టైల్ చూడాలి. కాలర్ కింద మడిచిన దస్తీ, నోట్లో పాన్. అడవి మలుపుల్లో కూడా బస్సులో నిద్రపోయే ముసలోళ్లు లేవకుండా నడిపేవాడట. నేను అనట్లేదు, ఆయనే చెప్పుకునేవాడు!

ఎనభైల్లో పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది. హైదరాబాద్‌లో ఆపరేషన్, తర్వాత నెలల తరబడి కీమో ఇంజెక్షన్లు. అప్పట్లో ఆ జబ్బు పేరు వింటేనే ఇంట్లో ఏడుపులు.

మామ బతికి వచ్చాడు. ఊడిన జుట్టు కూడా మళ్లీ వచ్చింది.

రానిది ఒక్కటే. అరికాళ్లలో స్పర్శ.

"జర తిమ్మిరి, గంతే. ఫికర్ జెయ్యకుండ్రి" అనేవాడు. ఆ మందులకు నరాలు దెబ్బతిన్నాయని, తగ్గొచ్చు తగ్గకపోవచ్చని డాక్టర్ చెప్పిన మాట మాత్రం కడుపులోనే దాచుకున్నాడు.

మళ్లీ డ్యూటీ ఎక్కాల్సిన రోజు. నాకు డిగ్రీ పరీక్షలు. ఇద్దరం కలిసే బయల్దేరాం. ఎండకి తారు రోడ్డు కాలిపోతోంది. నా ముందు నడుస్తున్న మామ కుడికాలి చెప్పు జారి రోడ్డు మీదే ఉండిపోయింది.

మామ ఆగలేదు. వట్టి కాలితో, ఆ తారు మీద, హుషారుగా ముచ్చట్లు చెప్పుకుంటూ పోతూనే ఉన్నాడు.

"మామా, నీ చెప్పు!" అని అరిచి పగలబడి నవ్వాను.

వెనక్కి తిరిగి చెప్పు చూశాడు. తర్వాత తన కాలు చూసుకున్నాడు. అరికాలు అప్పటికే బొబ్బలెక్కింది. నా నవ్వు ఆగిపోయింది.

మామ చేతిలో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. స్టీరింగ్ అంటే ప్రాణం ఆయనకి.

సీదా డిపో మేనేజర్ దగ్గరికి పోయాడు, వెంట నేనూ.

"సార్, బ్రేక్ మీద నా కాలున్నదో లేదో నాకే తెలుస్తలేదు. బస్సు నిండ మంది ఉంటరు. నేను నడప."

బయటికొచ్చి తన బస్సు మీద చెయ్యి పెట్టి ఏడ్చాడు. మామ ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత బస్టాండ్‌లో మైక్ ఇచ్చారు. ఇక ఆగుతాడా! "ములుగు బస్సు పోతాంది, పిల్లల్ని, సంచుల్ని సూసుకొని ఎక్కుండ్రి!" అని రిటైరయ్యేదాకా మోగించాడు.

కాళ్లు మాత్రం బాగవ్వలేదు. పగలంతా మొద్దు, రాత్రయితే మంటలు. నలభై ఏళ్లు! చెప్పు జారితే గల్లీలో ఎవరో ఒకరు తెచ్చిచ్చేవాళ్లు. కూరగాయలామె బండి దగ్గర్నుంచే "డ్రైవర్ సాబ్, చెప్పు!" అని కేకేసేది.

మొన్న వెళ్లినప్పుడు కాళ్లు పిసుకుతూ అడిగాను. "మామా, నీకు తెలుస్తాందా అసలు?"

"తెల్వది బిడ్డా. గని నువ్వు పిసుకుతానవని కండ్లకు కనపడ్తాంది గదా. ఆపకు."

ఆపితే కొట్లాడాడు కూడా.

నిన్న మళ్లీ ఆ పాదాలు పట్టుకున్నాను. చాలాసేపు పిసికాను.

మామ కళ్లు తెరవలేదు.

పోయిరా మామా. దారిలో చెప్పు జారితే వెనకొచ్చేవాళ్లు పిలుస్తారు, జర వినిపించుకో.

ఇకనైనా మంటలు లేని నిద్ర పట్టాలి నీకు.