తోమా లేని బ్రేక్

ఆటలో గెలుపోటముల కన్నా బ్రేక్ కోసమే కృష్ణప్రసాద్ ఎక్కువగా ఎదురుచూసేవాడు. డబ్లిన్‌లోని ఆ క్లబ్బులో పోకర్ టోర్నమెంటంటే పొద్దున పదకొండుకి కూర్చుంటే చీకటిపడేదాకా సాగుతుంది. రెండు గంటలకోసారి పావుగంట బ్రేక్. ఆ పావుగంటలో బయట గోడకానుకుని, తనకు తెగని ఆటొకటి తోమాకి చెప్పేవాడు. ఇద్దరూ ఉండేది ఊరి శివారు స్వోర్డ్స్‌లోనే. తోమా గుంటూరు మనిషి, ఆసుపత్రిలో నర్సు. వాళ్ళకో నియమం ఉండేది: గెలిచిందీ ఓడిందీ చెప్పకూడదు. ఏం చూశావు, ఏమనుకున్నావు, ఏం చేశావు, అంతే.

"సరిగ్గానే ఆడావురా," అనేవాడు తోమా. లేదంటే, "భయపడ్డావు. ముక్కల్ని చూసి కాదు, నిన్ను నువ్వే చూసుకుని. పద, టీ తాగుదాం."

ఆ మాటతో బుర్ర కడిగినట్టయ్యేది. ఆఫీసులో రోజంతా సాఫ్ట్‌వేర్ తప్పులు పట్టే కృష్ణప్రసాద్‌కి, తన తప్పు మాత్రం తోమా చెబితేనే నమ్మకం.

2021 జనవరిలో కోవిడ్‌తో తోమా పోయాడు. అంత్యక్రియలకు పదిమందికే అనుమతి. ఆ పదిమందిలో కృష్ణప్రసాద్ లేడు. ల్యాప్‌టాప్‌లో చూశాడు. మధ్యలో బొమ్మ ఆగిపోయింది. మళ్ళీ కదిలేసరికి చర్చి ఖాళీ.

అక్టోబరులో క్లబ్బు తెరిచారు. తోమా లేకుండా ఒక్క రోజు ఆటలో నిలబడగలనా అని తేల్చుకోవడానికే వెళ్ళాడు.

మొదటి బ్రేకుల్లో కుర్చీలోంచి లేవనేలేదు. ఏడో గంటకల్లా, ఒకసారి చూసిన ముక్కల్నే మళ్ళీ ఎత్తి చూసుకోవడం మొదలైంది. మాస్కు లోపల ఊపిరి వేడెక్కింది. అప్పుడు పడ్డాయి రెండు రాజులు. వాటిని మించినవి రెండు ఆసులే. ఎదురుగా ఉన్న ముసలాయన తన పందెం బిళ్ళలన్నీ ముందుకు తోశాడు.

ఆడాలి. లెక్క అదే చెబుతోంది. కానీ ఆ లెక్క వేస్తున్నది ఏడు గంటలు నలిగిన బుర్ర. దాన్నెలా నమ్మడం?

"సర్, మీ వంతు," అంది ముక్కలు పంచే అమ్మాయి. కాసేపాగి మళ్ళీ అంది.

ముక్కలు వదిలేశాడు.

ముసలాయన తన ముక్కలు తిప్పి చూపించాడు. రెండు తొమ్మిదులు. "ఏం ఫరవాలేదబ్బాయ్, యూ ఆర్ గ్రాండ్. నాకే చెమటలు పట్టాయి!"

బ్రేక్‌లో గోడ దగ్గర నిలబడి ఆటంతా గొణుక్కున్నాడు. ఏం చూశాడు, ఏమనుకున్నాడు. "వదిలేశాను" దాకా వచ్చి ఆగాడు. ఇక్కడ తోమా మాట్లాడాలి. "సరిగ్గానే ఆడావురా", "భయపడ్డావు": తోమా చెప్పే ఆ రెండు మాటల్నీ అతని గొంతుతో తనే అనుకుని చూశాడు. రెండూ నిజంలాగే వినిపించాయి.

లోపల ఆట మొదలైంది. తలుపు అద్దంలోంచి తన కుర్చీ కనిపిస్తోంది. టోర్నమెంట్లో మనిషి లేకపోయినా అతని వంతు ముక్కలు పంచుతారు, కట్టాల్సిన పందెం అతని బిళ్ళల్లోంచే తీస్తారు. అమ్మాయి ఖాళీ కుర్చీ ముందు రెండు ముక్కలు వేసింది. కాసేపటికి, ఎవరూ ఎత్తి చూడని ఆ రెండింటినీ వెనక్కి లాక్కుంది. దొంతిలోంచి ఒక బిళ్ళ తీసి మధ్యకి జరిపింది.

అలా నాలుగు ఆటలు చూశాడు. ఐదోది పంచుతుండగా కోటు జిప్పు పైకి లాక్కుని, స్వోర్డ్స్ బస్సు ఆగే వైపు నడిచాడు.