రూపాయి మగ్గం

దేవుడి పటాన్నైనా అంత భక్తిగా తాకేవారు కాదేమో మా పెద్ద గుమాస్తా గారు. నెల్లిమర్ల దగ్గర ఒక చిన్న జనపనార మిల్లులో ఆయన ఆస్తుల పుస్తకం రాసేవారు. ఏటా అరుగుదలకి మగ్గాల విలువ తగ్గించే తరుగు లెక్క వేసే ముందు, మగ్గాన్ని ఆపే ఇనుప పిడి మీద అరచెయ్యి ఆనించేవారు. ఒక్క మగ్గాన్నీ వదిలేవారు కాదు. కొత్తగా చేరిన నాకు అదంతా చాదస్తంగా తోచేది.

ఆ ఏడు పన్నెండో నంబరు మగ్గాన్ని తుక్కుకు అమ్మేశారు. పుస్తకంలో దాని విలువ రూపాయికి దిగింది. నేనే నంబరు చూసి సుద్దతో గుర్తు పెట్టాను. కోసేవాళ్లు గ్యాస్ కట్టర్ వెలిగించారు కూడా. ఆయన వచ్చి పిడి మీద చెయ్యేశారు.

"ఆపండ్రా! ఇది పన్నెండు కాదు."

"నంబరు ఉంది కదండీ," అన్నాను.

"విశ్వకర్మ పూజకి రంగులేసినోడు నంబర్లు తారుమారు సేసినాడమ్మా. గీకి సూడు."

గీకితే, రంగు కింద పద్నాలుగు బయటపడింది. ఇంకా పదేళ్లు నేయగల మగ్గం! గబగబా సుద్ద గుర్తు చెరిపేశాను.

"మీకెలా తెలిసిందండీ? రెండూ ఒకే అచ్చు కదా."

ఆయన అసలు పన్నెండో మగ్గం దగ్గరకు తీసుకెళ్లి, నా చేతిని దాని పిడి మీద పెట్టారు. పద్నాలుగో దానికి లేని గుంట అక్కడ ఇనుములో పడి ఉంది. నా బొటనవేలు అందులో సరిగ్గా ఇమిడిపోయింది.

"మూడు తరాలోల్ల సేతులమ్మా. నువ్వు శాతాల్లో రాస్తన్నావే, ఆ తరుగు ఇదే."

ఆ పూట పుస్తకంలో ఆ రూపాయిని కొట్టేయడానికి నాకు చేతులు రాలేదు. ఆయనే కొట్టేశారు. కలం పట్టే ముందు, పిడిని తాకిన అరచేతిని కళ్లకద్దుకున్నారు.