గేదె చోట్లో చింతగింజ

పోయిన శుక్రవారం ఉదయం జురాంగ్ ఈస్ట్‌లో మా అంతస్తులో లిఫ్టు దిగేసరికి పక్కింటి అంకుల్ గుమ్మం ముందు చాలా జతల చెప్పులు కనిపించాయి. ఎప్పుడూ ఒక్క జతే ఉండే గుమ్మం అది. ఆయన పోయారని లోపలికి వెళ్లకుండానే అర్థమైంది.

అంకుల్‌ది హైదరాబాద్. జురాంగ్ ఐలాండ్‌లో ప్లాంటు ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆంటీ పోయాక ఆయనకి తోడు పాత చైనా జేడ్ రాతి బొమ్మలే. పడుకున్న కుక్క, వెనక్కి తిరిగి చూసే గుర్రం, బొటనవేలంత బాతు. సొరుగులో ఒక్కోదానికి పట్టు పరిచిన గుంట ఉండేది. నమాజు వేళకి సొరుగు మూసేవారు.

నేను గుంటూరులో లెక్చరర్ ఉద్యోగం వదిలేసి మావారి వెంట ఈ దేశం వచ్చినదాన్ని. వైటూకే అన్నారు, తర్వాత ఇంకేదో ప్రాజెక్టు అన్నారు. మావారు ఇంట్లో కనిపించడమే తక్కువ. మూడేళ్ల కిందట అంకుల్ నెల రోజులు ఊరెళ్తూ, మొక్కలకు నీళ్లు పొయ్యమని తాళం ఇచ్చారు. నేను నీళ్లు పోసి ఊరుకోలేదు. జేడ్ గేదె కొమ్ముల దగ్గర గోధుమరంగు మరకలు చూసి, మా దేవుడి సామాన్లలాగే చింతపండు పెట్టి పీచుతో తోమేశాను. మరకలు పోలేదు. మెరుపు పోయింది.

తిరిగొచ్చాక ఆయన దాన్ని కిటికీ వెలుగులో చాలాసేపు తిప్పి చూశారు.

"బేటీ, ఇది ఇత్తడి చెంబనుకున్నవా?"

చింతపండు సంగతి చెప్పేశాను.

"ఈ మెరుపు రాయిది కాదు, పట్టుకున్న చేతులది. ఎన్ని తరాలు పట్టుకున్నరో. రోజూ జరసేపు చేతిల పెట్టుకో, మళ్ల వస్తది. రాయికి తొందర లేదు, మనకే."

అలా గేదె మా ఇంటికొచ్చింది. రోజూ నాలుగింటికి దాన్ని అరచేతిలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లేదాన్ని. మొదట చల్లగా ఉండి, చాయ్ అయ్యేసరికి వెచ్చబడేది. ఆయన భూతద్దంలో చూసి, "ఇంకా రాలే. రేపు చూద్దాం" అనేవారు. మూడేళ్లూ అదే మాట. నన్ను క్షమించారో, శిక్ష వేశారో తేల్చుకోలేకపోయాను. అడిగే ధైర్యమూ చెయ్యలేదు.

నిన్న గేదెని ఇచ్చేద్దామని వెళ్లాను. ఆయన కూతురు దాన్ని కిటికీ దగ్గర తిప్పి చూసింది, అచ్చం ఆయనలాగే.

"మెరుపు పోయినేడాదే వచ్చేసిందన్నారు మా అబ్బాజాన్. మీకు చెప్పొద్దన్నారు అక్కా."

"ఎందుకట?"

"చెప్తే నాలుగింటికి ఎవరొస్తారు, అనేవారు."

భూతద్దం ఆ మూడేళ్లూ టేబుల్ మీదే ఉండేది. నేనెప్పుడూ అందుకుని చూడలేదు.

ఆమె సొరుగు తెరిచింది. గేదె గుంటలో ఒక చింతగింజ ఉంది, తిండి అంగళ్ల హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి టేబుల్ చోప్ చేసి, ఇది నా చోటని ఆపుకున్నట్టు.

"మీ చింతపండులోదేనంట, సింకులో దొరికిందంట. ఎవర్నీ తియ్యనిచ్చేవారు కాదు" అని నవ్వబోయి ఆగింది. గేదెని ఉంచుకోమంది. మిగతావాటి నుంచి దాన్ని విడదియ్యబుద్ధి కాలేదు. దాని చోట్లో దాన్ని పెట్టి, గింజ తెచ్చుకున్నాను.

ఇవాళ నాలుగింటికి చాయ్ పెట్టుకుని కూర్చున్నాను. అరచెయ్యి దానంతటదే ముడుచుకుంది. బరువే తెలియడం లేదు. లోపల గింజ ఉందో లేదోనని వేళ్లు విప్పి చూసుకున్నాను.