ఏడయితే ఇంటికి పంపేసే పెంచలమ్మక్క

నిన్న పొద్దున ఉదయగిరి బస్టాండులో టీ గ్లాసు చేతిలో ఉండగా శీను ఫోన్ చేశాడు.

"మామా, అమ్మ పోయినాది."

ఏ అమ్మరా అని అడిగాను. మతి ఉండి అడిగిన మాట కాదు. మొన్న సాయంత్రమే ఫోన్‌లో నన్ను ఎగతాళి చేసి నవ్విన మనిషి. తెల్లారేసరికి గుండె ఆగిపోయిందట.

మన ఆత్మకూరు పెంచలమ్మక్క ఇక లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. అక్కది పెళ్ళిళ్ళకు, ఫంక్షన్లకు వడ్డించేవాళ్ళను పంపే కాంట్రాక్టు. చెరువు పక్క కాలనీలో పుట్టింది. తొమ్మిదో ఏట పెళ్ళిళ్ళలో ఎంగిలాకులు ఎత్తింది. అక్కడి నుంచి ముప్పై మందికి డ్యూటీలు వేసేదాకా వచ్చింది.

ముందుగదిలో ఒక వైట్‌బోర్డు. ఎవరు, ఏ ఫంక్షను, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా. పద్దెనిమిది నిండనివాళ్ళ పేర్లు ఎర్ర స్కెచ్‌తో రాసేది.

ఎర్ర పేరు ఎదురుగా సాయంత్రం ఏడు దాటిన టైము నేను ఒక్కసారి కూడా చూడలేదు.

ఇది ఆమె చాదస్తం కాదు. చట్టం. పద్నాలుగు లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదు. పద్దెనిమిది నిండేదాకా సాయంత్రం ఏడు నుంచి పొద్దున ఎనిమిది వరకు పని చేయించకూడదు. మూడు గంటలు చేస్తే గంట రెస్టు. అదీ కలుపుకొని రోజుకు ఆరు గంటలే. వారానికో రోజు సెలవు.

ఆత్మకూరు, ఉదయగిరి, మన రెండు ఊళ్ళలో దాన్ని సీరియస్‌గా తీసుకున్న మనిషిని నేను ఈమెనే చూశాను. ఆమెకు మనం పెట్టిన బిరుదు ఏంటో గుర్తుందా?

"ఏడుగంటలమ్మ."

నిన్నటి నుంచి ఈ గ్రూపులో మీరందరూ రిప్ అని పెట్టి, దండం ఎమోజీలు గుప్పిస్తున్నారు. మీలో సగం మంది ఆమెకు బుకింగులు ఆపినవాళ్ళే. రాత్రి రిసెప్షన్‌కు కుర్రాళ్ళను పంపనప్పుడు ఆమెకు కాంట్రాక్టు దేనికి అన్నవాళ్ళే. నా దగ్గర పేర్లున్నాయి. రాయను. మీకు తెలుసు.

పోయిన ఏడాది వరికుంటపాడు నుంచి ఒకామె కూతురు సుకన్యను వెంటబెట్టుకొచ్చింది. నేనక్కడే ఉన్నాను. ఆధార్ ప్రకారం పిల్లకు పద్దెనిమిది నిండాయి. పుట్టిన తేదీ జనవరి ఒకటి.

అక్క కార్డు చూసి, పిల్ల మొహం చూసింది.

"జనవరి ఒకటిన సగం జిల్లా పుట్టినాదిలే. టెన్త్ మార్కుల లిస్టు యాడుండాది?"

"ఇంట్లో ఉండాదమ్మా."

"బస్సెక్కి తీసకరాపో. అందాకా పిల్ల ఈడనే అన్నం తింటా ఉంటాది."

లిస్టు వచ్చింది. పిల్లకు పదహారు కూడా నిండలేదు.

వెళ్ళగొట్టలేదు. అది గమనించండి. బోర్డు మీద ఎర్రగా రాసింది: సుకన్య, ఆదివారం ఒక్కరోజే, తొమ్మిది నుంచి మూడు, మధ్యలో గంట రెస్టు.

"ఇంటరు మానినావని తెలిసినాదా, నీ పేరు తుడిచేస్తా" అని వేలు చూపించింది.

పేదపిల్లలకు పని ఇస్తున్నాం, తప్పేంటి అని వాదించే పెద్దమనుషులారా, అక్క కూడా పని ఇచ్చింది. టైము చూసి ఇచ్చింది. సాయంత్రం ఏడింటికి మీ పిల్లాడికి ట్యూషను. వాళ్ళ పిల్లాడికి సాంబారు బకెట్టు. తెల్లారితే ఇద్దరికీ అదే పరీక్ష.

నువ్వేం తక్కువ తిన్నావు అంటారా? చెబుతాను.

మా పెద్దమ్మాయి రిసెప్షన్ ఉదయగిరిలో. మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చిన ఐదుగురు పిల్లలు సాయంత్రం ఆరున్నరకు వెళ్ళిపోవాలి. అక్క ముందే చెప్పింది. నేనే తల ఊపాను. తీరా రాత్రికి రావాల్సిన పెద్దవాళ్ళ ఆటో దారిలో ఆగిపోయింది. ఇక్కడ జనం దిగిపోతున్నారు.

"అక్కా, ఈ ఒక్క పూట. రెండు గంటలు ఉంచు. డబుల్ ఇస్తా."

బాల కార్మికుల గురించి మీటింగుల్లో గొంతు చించుకున్న నోరే అది.

"ఏంది తమ్ముడా, నువ్వు మైకు పట్టుకోని చెప్పేది ఊరోళ్ళకేనా? నీ ఇంటికి పనికిరాదా?"

పిల్లల వైపు తిరిగింది. "టోపీలు తీసేయండిరా. ఏడు గంటలవతా ఉండాది. ఇంటికి పోండి."

వాళ్ళను ఆటో ఎక్కించి వచ్చి, తనే గరిటె పట్టుకుంది. పెరుగు బకెట్టు నా చేతిలో పెట్టింది.

"నువ్వు వడ్డించు. నీకు పద్దెనిమిది నిండినాయి గదా!"

పట్టుచొక్కా, పెరుగు బకెట్టు, పెళ్ళికూతురి తండ్రి. వియ్యంకుడు గుడ్లప్పగించి చూశాడు. నెల రోజులు అక్కతో మాట్లాడలేదు నేను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో చస్తున్నాను.

ఇక నిన్నటి సంగతి.

ఆ బోర్డు కిందే అక్కను పడుకోబెట్టారు. ఇంకా దండలు కూడా వేయలేదు. ఒక ఫంక్షన్ హాల్ ఓనరు శీను భుజం మీద చెయ్యి వేశాడు.

"శీనయ్యా, ఆదివారం రిసెప్షన్ మనదే. ఇంక మీ అమ్మ పంచాయితీ లేదు గదా. బోర్డు మీదుండే ఆ ఐదుగురు పిల్లోళ్ళను రాత్రికి వేసెయ్."

శీను తల దించుకున్నాడు.

శవం ముందు డ్యూటీ చార్టు మారుస్తారా?

శీనూ, ఈ పోస్టు నీకే.

ఆ ఐదు ఎర్ర పేర్లలో మొదటిది సుకన్య. సోమవారం ఆమెకు కాలేజీ ఉంది. పక్కన "మూడింటికి పంపెయ్యి" అని అమ్మ చేతిరాత ఇంకా చెరగలేదు. చెరపొద్దు.

బుకింగ్ పోతే పోనీ అనడం నాకు తేలిక, నీకు కష్టం. తెలుసు. అందుకే ఊరికే నీతి చెప్పడం లేదు. ఆదివారం సాయంత్రం ఆరున్నరకు ఆ హాల్ దగ్గర ఉంటాను. ఐదుగురిలో ఒకరి చోట నేను వడ్డిస్తాను. పెరుగు బకెట్టు పట్టడం వచ్చు. నేర్పింది మీ అమ్మే.

ఇంకా నలుగురు కావాలి.

రిప్ రాసేవాళ్ళూ, ఎమోజీలు వద్దు. కింద పేర్లు రాయండి. పద్దెనిమిది నిండి ఉంటే చాలు.

ఏడు దాటింది అక్కా. తొమ్మిదో ఏట ఎత్తుకున్న బరువు ఇక దించెయ్. హాయిగా నిద్రపో.